బొమ్మలిస్తే మాటలు రావంటారు

మూడేళ్ళు దాటినా బిడ్డకు మాట రాలేదంటే తిరుపతిలో, చిత్తూరులో, ఆ చుట్టుపక్కల పల్లెల్లో సలహాలకు కరువుండదు. వస అరగదీసి నాలుక మీద రాయమంటారు ఒకరు. చిలక కొట్టిన జామకాయ తెచ్చి తినిపించమంటారు ఇంకొకరు. నాలుక కింద నరం కోయిస్తే గడగడా మాట్లాడతాడని మరొకరు. "వాళ్ళ మేనమామకూ అయిదేళ్ళకే వచ్చింది, ఏం గాదులే" అని ధైర్యం చెప్పే అవ్వలకైతే లెక్కే లేదు. జామకాయతో నష్టం లేదు. వసతో ఉంది. అది పసిపిల్లలకు వాంతులు పట్టిస్తుంది, అమెరికాలో 1968లోనే ఆహారపదార్థాల్లో దాని వాడకాన్ని నిషేధించారు. నాలుక కింద నరం బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు పలకడంలో తేడా వస్తే రావొచ్చు, మాటే రాకపోవడానికి అది కారణం కాదు. మేనమామ సంగతి నిజమే అయినా, ఆ ధైర్యంలో పడి రెండేళ్ళు గడిపేసేలోగా చేయించాల్సిన చెవి పరీక్ష కూడా చేయించకుండా ఉండిపోతారు.

వీటిని దాటుకుని ఒక తల్లి స్పీచ్ థెరపిస్టు దగ్గరికి చేరుతుంది. ఆ థెరపిస్టు ఒక బొమ్మల బోర్డో, బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ ఉన్న ట్యాబో చేతికిచ్చి, ఇకమీద ఇంట్లో అందరూ దీనితో మాట్లాడండి అంటుంది. మాటకు తోడుగా, మాట లేనిచోట మాటకు బదులుగా వాడే ఇలాంటి పద్ధతులన్నిటినీ కలిపి ఏఏసీ అంటారు. సైగలు, బొమ్మలు, అక్షరాల అట్ట, కనురెప్పల కదలిక, మాట్లాడే యంత్రం అన్నీ అందులోకే వస్తాయి. అవి ఇంటికి వచ్చిన రోజు నుంచి రెండో విడత సలహాలు మొదలవుతాయి. మొదటి విడతకంటే ఇవి ప్రమాదం, ఎందుకంటే వీటిని చెప్పేది చదువుకున్న బంధువులు, బడి పంతుళ్ళు, ఒక్కోసారి డాక్టర్లు. వినడానికి సబబుగానే ఉంటాయి. నేను ఇక్కడ రాస్తున్నది ఆ సలహాల గురించే. ఎవరైనా మీకు చెబితే వినకండి.

"బొమ్మలు అలవాటైతే ఇంక నోరు విప్పడు"

అన్నిటికంటే ఎక్కువగా వినపడేది, ఎక్కువ మంది పిల్లల జీవితాన్ని చెడగొట్టేది ఇదే. సులువైన దారి చూపిస్తే కష్టమైన దారి పట్టడని దీని వెనకున్న తర్కం. కానీ మాట అనేది బద్ధకం కొద్దీ మానేసే పని కాదు. నోటితో చెప్పగలిగిన మనిషి నోటితోనే చెబుతాడు, దానికంటే వేగమైనది, తేలికైనది ఇంకోటి లేదు గనక. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను వడగట్టి, గట్టి ఆధారం ఉన్న 27 మంది వివరాలు తీసి చూశారు. బోర్డు, సైగలు, యంత్రం మొదలుపెట్టాక నోటి మాట తగ్గినవాళ్ళు అందులో ఒక్కరు కూడా లేరు. 89 శాతం మందికి మాట పెరిగింది. మిగతావాళ్ళకు ఉన్నది ఉన్నట్టుగా ఉంది. పెరిగిన మాట కొందరిలో కొద్దిగానే పెరిగింది, ఆ సంగతి దాచకూడదు. బోర్డు ఇస్తే నోరు వస్తుందని మాట ఇచ్చేవాళ్ళు కూడా తప్పే చెబుతున్నారు. బోర్డు ఇవ్వాల్సింది నోరు తెప్పించడానికి కాదు, ఈ పూట కడుపునొప్పి వస్తే ఈ పూటే చెప్పుకోవడానికి.

దీనికి తోబుట్టువుల్లాంటి సలహాలు ఇంకో రెండున్నాయి. "ముందు అయిదారేళ్ళు మాటకోసం ప్రయత్నిద్దాం, కుదరకపోతే అప్పుడు చూద్దాం" అనేది ఒకటి. ఆ అయిదారేళ్ళూ బిడ్డ ఏ భాషా లేకుండా ఎదగాలి. చెప్పుకోలేక తల గోడకు కొట్టుకుంటే మొండి అంటారు, కొరికితే రాక్షసుడంటారు. "వాడికింకా బుద్ధి అందలేదు, బొమ్మ చూసి గుర్తుపట్టడం వచ్చాక ఇద్దాం" అనేది రెండోది. ఒకప్పుడు థెరపిస్టులు కూడా ఇలాగే అనుకునేవారు, ఇన్ని పరీక్షలు దాటితేనే అర్హత అనేవారు. ఆ పద్ధతిని ఆ రంగమే ఎప్పుడో వదిలేసింది. మామూలు బిడ్డతో మనం పుట్టిన రోజు నుంచి మాట్లాడతాం, అర్థమైందని రుజువు చూపించాకే మాట్లాడతామని కూర్చోం. బోర్డుకూ అంతే. దానికి కనీస వయసు లేదు, దాటాల్సిన పరీక్ష లేదు.

"కాణిపాకం పోయిరండి, మాటలొస్తాయి"

పోయిరండి. వద్దనేది లేదు. కాణిపాకం స్థలపురాణమే చూపు లేని ఒకరు, మాట లేని ఒకరు, వినికిడి లేని ఒకరు, ఈ ముగ్గురు అన్నదమ్ముల కథ. ఎండిన బావిని లోతు చేస్తుంటే రాయి తగిలి నెత్తురు చిమ్మిందని, ఆ స్పర్శతో ముగ్గురి లోపాలూ పోయాయని, ఆ రాయే వరసిద్ధి వినాయకుడని చెబుతారు. బిడ్డ నోటి మాట కోసం చిత్తూరు సీమ తల్లులు ఆ గుడి మెట్లెక్కడంలో వింతేమీ లేదు. కానీ ఆ కథలో అందరూ చివరి ఘట్టమే చెప్పుకుంటారు. దానికి ముందు ఆ ముగ్గురూ కలిసి సేద్యం చేసుకుని బతుకుతున్నారు. ఒకరికి కనపడదు, ఒకరికి వినపడదు, ఒకరు చెప్పలేరు, అయినా బావిలో నీళ్ళు తోడి మడికి పారించుకున్నారు. చేతి స్పర్శో, సైగో, తాడు గుంజే తీరో, వాళ్ళ మధ్య ఒక భాష నడవకపోతే ఆ మడి తడిసేది కాదు. మొక్కు మొక్కండి, దాంతోపాటు బోర్డు కూడా సంచిలో పెట్టుకుని పోండి. తిరుమలకు పోయినా అంతే. క్యూలో గంటలకొద్దీ నిలబడాల్సిన చోట "నీళ్ళు", "ఒంటికి", "కాళ్ళు నొప్పి", "ఇంకెంతసేపు" అని చెప్పుకునే దారి లేని బిడ్డ కేకలు వేస్తే, వెనకవాళ్ళు ఆ తల్లి పెంపకాన్ని తిడతారు.

"థెరపిస్టు చూసుకుంటారులే"

థెరపీకని చిత్తూరు వాళ్ళు దగ్గరున్న వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోతారు. తిరుపతి వాళ్ళు చెన్నైకి పోతారు, అటు ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. సికింద్రాబాదులోని జాతీయ సంస్థకు రైలెక్కేవాళ్ళూ ఉన్నారు. అంత దూరం పోయివచ్చాక ఇంటికొచ్చి బోర్డును బీరువా మీద పెట్టేస్తారు, మళ్ళీ థెరపీ రోజున దించుతారు. ఇంత ఖర్చు, ఇంత తిప్పట ఇక్కడే వృథా అవుతుంది.

జేన్ కోర్‌స్టెన్ అనే అమెరికన్ స్పీచ్ థెరపిస్టు ఒక లెక్క వేసి చూపించింది. పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది గంటలు మాటలు వింటాడనుకుంటే ఏడాదిన్నరకు 4,380 గంటలవుతాయి. అన్ని గంటలు విన్నాకే ఒకటీ అరా మాట బయటికి వస్తుంది. అదే బోర్డు మీద మాట్లాడటాన్ని ఒక బిడ్డ వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున మాత్రమే చూస్తే, అన్ని గంటలు పూర్తవడానికి 84 ఏళ్ళు పడుతుంది. నాకు తెలిసి ఈ రంగంలో తల్లిదండ్రులకు చెప్పాల్సిన అంకె ఇదొక్కటే.

అందుకే బోర్డు వాడాల్సింది మొదట బిడ్డ కాదు, మీరు. సంకటి గెలుకుతూ "వేడి" మీద వేలు పెట్టి నోటితో వేడి అనండి. ముద్ద పెడుతూ "ఇంకా" చూపించండి, వాడు మొహం తిప్పుకుంటే "చాలు" చూపించండి. అవ్వ ఊరికి పోతుంటే "అవ్వ", "పో", "బాధ" అని మూడు చూపించి, అవ్వ పోతావుంది, నాకు బాధగా ఉంది అని నోటితో చెప్పండి. పూర్తి వాక్యం బోర్డు మీద చూపనక్కర్లేదు, ఒకటి రెండు ముఖ్యమైన మాటలు చాలు. వాడు తిరిగి వేలు పెట్టాలని బలవంతం చేయొద్దు. నెలలు పట్టొచ్చు. ఆ నెలల్లో ఏమీ జరగనట్టే ఉంటుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. మీ నాయన, మీ అత్త, పక్కింటి పిల్లలు కూడా వేలు పెట్టి మాట్లాడితే ఆ ఇంట్లో అది ఒక భాష అవుతుంది. లేకపోతే వారానికి రెండుసార్లు రాసే పరీక్షగానే మిగులుతుంది.

"బిస్కెట్ దాచి అడిగించండి"

అడగడం నేర్పడానికి ఇదొక పద్ధతే, మొదట్లో కొన్నాళ్ళు పనికొస్తుంది. నష్టం ఎక్కడంటే, చాలా ఇళ్ళలో బోర్డు అక్కడే ఆగిపోతుంది. బిస్కెట్, నీళ్ళు, టీవీ, బాత్రూమ్, నాలుగు బొమ్మలు. మనుషులు రోజంతా వాడే మాటల్లో వస్తువుల పేర్లు కొన్నే. కావాలి, ఇవ్వు, రా, పో, చూడు, ఇంకా, చాలు, ఎక్కడ, ఎందుకు, నేను, నువ్వు, నాది, బాగుంది, బాగలేదు లాంటి కొన్ని వందల మాటలే మన సంభాషణలో చాలాభాగం మోస్తాయి. అవి పెట్టండి. బయట దొరికే చాలా బోర్డుల్లో "నో" అనే గుర్తు ఒకటే ఉంటుంది. మన బిడ్డకు వద్దు, లేదు, కాదు, రాదు, తెలీదు విడివిడిగా కావాలి. అన్నం వద్దనే బిడ్డ, అన్నం లేదనే బిడ్డ ఒకే బొమ్మ నొక్కితే తల్లికి ఏమర్థమవుతుంది?

వస్తువుల పేర్లు పెట్టేటప్పుడు కూడా మీ ఇంటివే పెట్టండి. బర్గర్ బొమ్మ తీసేసి రాగిసంకటి, ఊరిబిండి, చెనిక్కాయలు, మామిడికాయ. తిరుమల కొండ. సొంత అవ్వ, సొంత తాత ఫోటోలు. ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడేవాళ్ళు ఈ జిల్లాల్లో ఎంతోమంది. వాళ్ళకు దొరికే ఇంకో సలహా, "తికమక పడతాడు, ఇంగ్లీషు ఒక్కటే పెట్టండి" అని. రెండు భాషలు వింటే బిడ్డ వెనకబడతాడనడానికి ఆధారం లేదు. అవ్వతో మాట్లాడలేని భాష వాడికెందుకు?

"తిట్లూ సిగ్గు మాటలూ పెట్టకండి"

ఈ సలహాను తల్లిదండ్రులు ఎవరూ చెప్పకుండానే పాటిస్తారు. మంచి బిడ్డ బోర్డులో మంచి మాటలే ఉండాలనుకుంటారు. ప్లీజ్, థాంక్యూ ఉంటాయి. "ఫో", "నీ మీద కోపం", "నువ్వు చెడ్డ" ఉండవు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బండ వేషం కట్టినవాడు వీధి వీధీ తిరిగి నోరారా తిడుతుంటే, ఆ తిట్టు దీవెనగా తీసుకునే ఊరు మనది. ఏడాదికొకసారైనా మనిషి కోపం బయటికి పోవాలని తెలిసిన ఊరు. అదే ఊళ్ళో మాట రాని బిడ్డకు కోప్పడే మాట కూడా లేకుండా చేస్తున్నాం. బోర్డు మీద కోపం లేకపోతే అది చేతిలోకి, పళ్ళలోకి వస్తుంది.

సిగ్గు మాటల సంగతి ఇంకా బరువైనది. ఒంట్లోని అన్ని భాగాల పేర్లూ బోర్డులో ఉండాలి, మర్మాంగాలతో సహా. "ముట్టుకున్నాడు", "నొప్పి", "భయం", "ఎవరికీ చెప్పొద్దన్నాడు" ఉండాలి. చెప్పలేని బిడ్డను వెతుక్కునే దుర్మార్గులు ఉంటారు, చెప్పలేదనే ధైర్యమే వాళ్ళకు బలం. చట్టం ఈ విషయంలో మనకంటే ముందుంది. 2012 పోక్సో చట్టం 38వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న బిడ్డ సాక్ష్యం తీసుకునేటప్పుడు ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం గానీ, ఆ బిడ్డ చెప్పే తీరు తెలిసినవారి సాయం గానీ కోర్టు తీసుకోవచ్చు. మాట్లాడలేని సాక్షి సైగలతో, రాతతో చెప్పినా చెల్లుతుందని సాక్ష్య చట్టంలోనూ ఉంది. కానీ బిడ్డకు ఆ మాటే లేకపోతే కోర్టు ఏ తీరు వింటుంది?

"చేయి పట్టుకుని నొక్కించండి"

ఈ సలహా మంచి మనసుతో వస్తుంది, అందుకే దీనిమీద కోపం తెచ్చుకోవడం కష్టం. బిడ్డ చేతిని మన చేత్తో పట్టుకుని అక్షరాల మీదికో బొమ్మల మీదికో తీసుకుపోతే, ఒక్కసారిగా పెద్ద పెద్ద మాటలు బయటికొస్తాయి. అమ్మా నిన్ను ప్రేమిస్తున్నాను అని వస్తుంది. ఏ తల్లి మనసు కరగదు? ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ పేరుతో ఇది 1990ల మొదట్లో అమెరికాలో దావానలంలా పాకింది. తర్వాత పరీక్షలు పెట్టారు. చేయి పట్టుకున్నవారికి ఒక బొమ్మ, బిడ్డకు వేరే బొమ్మ చూపించి, ఏం చూశావని అడిగారు. వచ్చిన జవాబులు చేయి పట్టుకున్నవారు చూసిన బొమ్మవి. వాళ్ళు మోసగాళ్ళు కారు, తమ చేయి నడిపిస్తున్నదని వాళ్ళకే తెలియదు. అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2018లో కూడా దీన్ని వాడొద్దని తేల్చి చెప్పింది. ఇలా పుట్టిన మాటలతో నిర్దోషుల మీద కేసులు కూడా పెట్టారు. చేయి వణికే బిడ్డకు బొమ్మల సైజు పెంచండి, మీటలు ఇవ్వండి, చూపుతో చెప్పే అట్ట ఇవ్వండి. చేతి మీంచి మాత్రం మీ చేయి తీయండి. వాడు నొక్కిన ఒక్క "వద్దు", మీరు నొక్కించిన పేజీ కంటే విలువైనది.

కొనుగోళ్ళ గురించి రెండు ముక్కలు. "ఖరీదైన ట్యాబ్ కొంటే అయిపోతుంది" అన్నది కూడా తప్పే, "డబ్బుల్లేనివాళ్ళకు ఇవి కాదు" అన్నది అంతకంటే తప్పు. చెన్నైలో అజిత్ నారాయణన్ బృందం ఆవాజ్ అనే మాట్లాడే సాధనాన్ని తయారుచేసింది, ఆ పనికే 2011లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ యువ ఆవిష్కర్తల జాబితాలో ఆయన పేరు చేర్చింది. ఐఐటీ బాంబే వాళ్ళ జెల్లో యాప్ ఉచితం. ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు అక్షరాలు చదివి వినిపించే గొంతు ఉంది. ఏదీ లేకపోతే అట్ట, గీసిన బొమ్మలు, పైన ప్లాస్టిక్ కవరు. యాప్ ఉన్నా సరే ఈ అట్ట ఉండాలి. కరెంటు పోతుంది, ఫోను పడిపోతుంది, వానలో బస్సు దిగాల్సి వస్తుంది. ఆ ట్యాబ్‌లో పాటలు, ఆటలు పెట్టకండి, పక్కింటి పిల్లలు లాక్కుంటారు. అల్లరి చేశాడని శిక్షగా దాన్ని దాచకండి. మాట్లాడే బిడ్డ అల్లరి చేస్తే నోటికి గుడ్డ కట్టం కదా.

బడిలో వినపడేది "బోర్డు ఇంట్లో ఉంచి పంపండి, మిగతా పిల్లలు ఆడుకుంటారు" అని. ఉంచకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కమ్యూనికేషన్ అంటే ఏమేమిటో చెప్పిన చోటే ఈ ప్రత్యామ్నాయ పద్ధతుల్ని చేర్చింది. బడుల్లో వీటి వాడకాన్ని ప్రోత్సహించాలని 17వ సెక్షన్ ప్రభుత్వానికీ స్థానిక సంస్థలకూ చెబుతుంది. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక టీచర్లు ఉంటారు, వాళ్ళను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి పోండి. మిగతా పిల్లలు బోర్డుతో ఆడుకుంటే మంచిదే, ఆడుకునేటప్పుడే అందరికీ అది వస్తుంది.

ఇక పెద్దవాళ్ళు. పక్షవాతంతో మాట పడిపోయిన తాత, గొంతులో గొట్టం వేసి ఐసీయూలో పడుకోబెట్టిన అత్త, నరాల జబ్బుతో నోరు తిరగని నాయన. "అలసిపోతారు, మాట్లాడించకండి" అనేది వీళ్ళకు దొరికే సలహా. "పలక ఇచ్చి రాయమనండి" అనేది ఇంకోటి. పక్షవాతం మెదడులో భాషకు సంబంధించిన చోటును దెబ్బతీస్తే రాత కూడా పోతుంది, అప్పుడు పలక ఆ తాతను ఇంకా అవమానిస్తుంది. బొమ్మలు, ఫోటోలు, ఊరి పేర్లు, క్యాలెండరు ముందు పెట్టి చూపించమనండి. చాలామంది చేసే ఇంకో పని గట్టిగా అరవడం. ఆయనకు చెవులు బాగానే ఉన్నాయి. పరామర్శకు వచ్చినవాళ్ళు మంచంలోని మనిషిని వదిలేసి పక్కనున్న కోడలిని "ఏమంటాడమ్మా మీ మామ?" అని అడుగుతారు. ఆయన్నే అడగమనండి. ప్రశ్న వేసి, నోరు మూసుకుని, పది పదిహేను సెకన్లు ఆగమనండి. మనం నిమిషానికి నూరు పైచిలుకు మాటలు మాట్లాడతాం, బోర్డుతో చెప్పేవారికి పది పదిహేను దాటడమే గగనం. మధ్యలో వాక్యం మనం పూర్తి చేస్తే వాళ్ళు చెప్పబోయింది అక్కడే పోతుంది.

బుద్ధి, చదువు చెక్కుచెదరకుండా ఉండి నోరు, చేతులు మాత్రం కదలని వాళ్ళకు తెలుగు వర్ణమాల గొప్ప ఆసరా. చిన్నప్పుడు బళ్ళో వల్లెవేసిన వరస కాబట్టి ఏ అక్షరం ఎక్కడుంటుందో వాళ్ళకు చూడకుండానే తెలుసు. అట్ట మీద అచ్చులు ఒక వరస, క నుంచి ఒక వరస, చ నుంచి ఒక వరస, అలా రాయండి. "మొదటి వరసా? రెండోదా?" అని వరసగా అడుగుతూ పోండి, కావాల్సిన వరస రాగానే రెప్ప ఆర్పుతారు. అప్పుడు ఆ వరసలో ఒక్కో అక్షరం చదవండి. 1985లో స్టీఫెన్ హాకింగ్‌కు గొంతు ఆపరేషనయి మాట పోయిన కొత్తలో కంప్యూటరు రాకముందు ఇలాగే, అవతలివాళ్ళు అక్షరం చూపిస్తే కనుబొమ ఎత్తి చెప్పేవాడు. గుణింతాలు, వత్తులు అడిగి విసిగించొద్దు. న, ప వచ్చాయంటే "నొప్పా?" అని అడగండి. అవునంటేనే రాసుకోండి, కాదంటే కొట్టేయండి, మీకు తోచింది ఆయన మాటగా చెప్పకండి.

ఆ "అవును", "కాదు" ఎలా చెబుతారో మొదటి రోజే ఖాయం చేసుకోండి. ఒకసారి రెప్ప వేస్తే అవునా, పైకి చూస్తే కాదా, బొటనవేలు కదిపితే పిలుపా. అది పెద్ద అక్షరాలతో తెలుగులో, ఇంగ్లీషులో కాగితం మీద రాసి మంచం తలాపున అతికించండి. రాత్రి డ్యూటీ మారి కొత్త నర్సు వచ్చినప్పుడు, మిమ్మల్ని బయట వరండాలో కూర్చోబెట్టినప్పుడు, అది ఆయన దగ్గరే ఉండాలి.